ఎర్ర బటను మీది మాట

పాణి పెట్టిన తలుపులోంచి లోపలికి వచ్చినవాళ్ళు ఒక్కరూ పద్ధతిగా బయటికి పోవడం లేదు. అదీ అతని బాధ.

తలుపంటే చెక్క తలుపు కాదు లెండి. నల్లగుట్ట కింద సాలమ్మవ్వ మఠం కోసం అతనొక వెబ్‌సైట్ తయారుచేశాడు. మఠానికి వెబ్‌సైట్ ఏమిటని నవ్వకండి. అవ్వకు ఎనభై రెండేళ్ళు, చెవులు దాదాపు పోయాయి. గురువు దగ్గర చెప్పుకునేవన్నీ చెవిలో చెప్పుకునే మాటలే కదా. అవ్వ చెవిన పడాలంటే మఠమంతా వినేట్టు అరవాలి. కట్టుకున్నవాడి మీద మనసు విరిగిందని అరిచి చెప్పుకోవడం ఎవరివల్ల అవుతుంది? జనం వచ్చి, దణ్ణం పెట్టి, చెప్పాలనుకున్నది మింగేసి మళ్ళీ బస్సెక్కేవాళ్ళు.

పాణి వచ్చాక ఆ ఇబ్బంది తీరింది. అసలు పేరు పినాకపాణి, ముప్పై నాలుగేళ్ళవాడు. హైదరాబాదులో కంపెనీలకు లాగిన్ పేజీలు రాసి రాసి విసుగెత్తి ప్రొద్దుటూరులో అన్న ఇంటికొచ్చాడు. అక్కడ అన్నతో మాటామాటా పెరిగి, నాలుగేళ్ళ కిందట మఠానికొచ్చి పడ్డాడు. వచ్చి ఊరికే కూర్చోలేదు. అవ్వకు ఉత్తరాలు రాసుకునే ఏర్పాటు చేశాడు. ఎవరి పేరు వాళ్ళకి, ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళకి. నువ్వు రాసింది నీకూ అవ్వకూ తప్ప మూడో కంటికి కనపడదు. ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్ళకు అవ్వ నలుగురికీ చెప్పే మాటలు మాత్రమే కనపడతాయి. ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో చూసే అడ్మిన్ పాణే అయినా, ఉత్తరాలు మాత్రం తనక్కూడా కనపడకుండా తాళం వేసుకున్నాడు. ఆ మాత్రం నీతి ఉన్నవాడే. అవ్వ టాబ్లెట్‌లో పెద్ద అక్షరాలు చదువుకుని, వేలితో రెండు ముక్కలు జవాబు రాసేది.

ఫోను లేనివాళ్ళ కోసం వసారాలో ఒక పాత కంప్యూటర్ పెట్టాడు. ఇంగ్లీషు ముక్క ఒక్కటి కూడా లేకుండా పేజీ అంతా తనే తెలుగు చేశాడు, అదో గర్వం. లోపలికొచ్చే చోట పచ్చ బటను, దాని మీద 'లోపలికి వస్తున్నాను'. పని అయ్యాక నొక్కాల్సింది ఎర్ర బటను, దాని మీద 'వెళ్ళిపోతున్నాను'.

పచ్చది అందరూ నొక్కేవాళ్ళు. ఎర్రది నొక్కే నాథుడు లేడు.

పాణి వందసార్లు చెప్పాడు. "అది నొక్కకపోతే మీరు లేచిపోయినా కంప్యూటర్ లెక్కలో మీరింకా ఇక్కడే కూర్చున్నట్టు. తర్వాత వచ్చి కూర్చున్నవాళ్ళకు మీ ఉత్తరాలన్నీ కనపడతాయి." అందరూ "సరేలే సామీ" అనేవాళ్ళు. నొక్కేవాళ్ళు మాత్రం కాదు. గొర్రెలు కాసే చెన్నారెడ్డిదైతే మరీ విడ్డూరం. బాణం గుర్తును ఎర్ర బటను దాకా తీసుకెళ్ళేవాడు, కాసేపు దాన్నే చూసేవాడు, లేచి గోడ దగ్గరికి పోయి ప్లగ్గు పీకేసేవాడు. మళ్ళీ ప్లగ్గు పెడితే చెన్నారెడ్డి పేరు అట్లాగే లోపల కూర్చుని ఉండేది.

"ఒక్క నొక్కు నొక్కితే నీ సొమ్మేం పోతుంది పెద్దాయనా?" అన్నాడు పాణి ఒకసారి.

"అది మా నోటితో ఎందుకులే నాయనా" అని తలపాగా సర్దుకుని పోయాడు చెన్నారెడ్డి.

బటను నొక్కమంటే మధ్యలో నోరెందుకొచ్చిందో పాణికి అర్థం కాలేదు. ఆగి అడుగుదామనీ అనుకోలేదు.

ఇట్లా ఉండగా సుంకులమ్మ సంగతి జరిగింది. ఆమె మఠంలో వంట చేసేది, నెమ్మదైన మనిషి. ఒక పొద్దున అవ్వకు ఉత్తరం రాసి, ఎర్ర బటను జోలికి పోకుండా, స్క్రీన్ మాత్రం ఆర్పి వంటింట్లోకి పోయింది. కాసేపటికి ఓబులేసు వచ్చి స్క్రీన్ వేశాడు. ఓబులేసు మఠానికి కట్టెలు తెచ్చిపోస్తాడు, మనసులో కల్మషం లేనివాడు. కళ్ళెదుట ఉన్నది తనకోసమే పెట్టారనుకుని కూడబలుక్కుని మొత్తం చదివేశాడు. మధ్యాహ్నం బంతిలో సుంకులమ్మ పప్పు వడ్డిస్తుంటే ఆయనకు మనసు కరిగిపోయింది.

"బాధపడాకమ్మా" అన్నాడు అందరి ముందూ. "కన్నబిడ్డ పిన్నీ అని పిలిస్తే మాత్రం ఏమి? బిడ్డ బిడ్డే కదా."

బంతిలో అందరి చేతులూ ఆగిపోయాయి. ఆడపిల్లను అక్కకు పెంపకానికిచ్చిన సంగతి ఇరవై ఏళ్ళుగా ఆమె కడుపులోనే దాచుకుంది. సుంకులమ్మ చివరి మనిషి దాకా పప్పు వేసింది. గిన్నెలు తోమి బోర్లించింది. మర్నాడు మొదటి బస్సుకు ఎవరికీ చెప్పకుండా పోయింది. దువ్వూరులో మేనమామ ఇంట్లో ఉందని తర్వాత తెలిసింది. ఆమె కళ్ళజోడు కంప్యూటర్ పక్కనే ఉండిపోయింది.

పాణి ఆ కళ్ళజోడు చూసినప్పుడల్లా లోపల కలుక్కుమనేది. ఆమె మాట దాచడం తన పని, ఆ పనే చెడింది. సిగ్గుపడాల్సిన చోట మనిషికి కోపం తొందరగా వస్తుంది, పాణికీ అంతే అయింది. ఐదు నిమిషాలు కదలిక లేకపోతే ఎవరైనా సరే వాళ్ళంతట వాళ్ళే బయటికి వచ్చేసేట్టు గడువు పెట్టాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కంప్యూటర్ పైన గోడకు కాగితం కూడా అంటించాడు. 'ఎర్ర బటను నొక్కనివారికి మూడు రోజులు ప్రవేశం లేదు.'

వారం తిరిగేసరికి మఠంలో సగంమందికి ప్రవేశం లేదు. రెండో వారానికి మిగతా సగం అసలు కంప్యూటర్ దగ్గరికి రావడమే మానేశారు. చెన్నారెడ్డి గొర్రెలను ఎవరికో అప్పగించి పన్నెండు మైళ్ళు నడిచొచ్చాడు. పేరు కొట్టి, 'ప్రవేశం లేదు' అన్న అక్షరాలు చదివి, వచ్చిన దారినే నడిచిపోయాడు. పాణి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. పిలవాలనిపించింది, పిలవలేదు.

అడ్మిన్ పేజీలో ఒక మూలన 'లోపల ఉన్నవారు' అని ఉంటుంది. ఒకప్పుడు అక్కడ పదిహేను, ఇరవై కనపడేవి. ఇప్పుడు ఎప్పుడు తెరిచినా ఒకటే అంకె, ఒకటి. ఆ ఒక్కడూ తనే. పొద్దున చూసేవాడు, సాయంత్రం చూసేవాడు, అంకె మారేది కాదు.

బంతిలో అతను కూర్చుంటే పక్కవాళ్ళు మాటలాపి అన్నం మీదికి వంగేవాళ్ళు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అనుంటే బాగుండేది, తిరిగి ఒక మాట అనేవాడు. సుంకులమ్మ ఉన్నప్పుడు "ఇంకొంచెం వేసేదా పాణీ" అని అడిగేది. ఇప్పుడు అడిగే మనిషి లేదు. ఇంతమంది మధ్య ఇంత ఒంటరిగా ఎట్లా మిగిలానా అని అతనికి ఏడుపొచ్చినంత పనయ్యేది.

ఒకరోజు భోజనాలయ్యాక అవ్వ దగ్గరికి పోయాడు. అవ్వ వసారాలో చాప మీద కూర్చుని చెనక్కాయలు వలుస్తోంది. ఓబులేసూ, ఇంకో ముగ్గురూ కుప్ప చుట్టూ కూర్చున్నారు. పాణి అవ్వ చెవి దగ్గర వంగి గట్టిగా అరిచాడు.

"ఎర్ర బటను ఎవరూ నొక్కడం లేదవ్వా. ఎందుకు నొక్కరు?"

అవ్వ కాయ చిదిమి గింజలు చాటలో వేసింది. "గడువు పెట్టినావంట కదా. ఎంత?"

"ఐదు నిమిషాలు."

"అందరికీనా?"

"అందరికీ."

"నీకు?"

పాణి కాస్త తగ్గాడు. "నాకు గడువు లేదవ్వా. అడ్మిన్‌ని కదా. నాలుగేళ్ళుగా లోపలే ఉన్నా."

"అయ్యో" అంది అవ్వ. ఎత్తిపొడుపుగా కాదు, నిజంగానే జాలిపడినట్టు అంది.

తర్వాత తను తెచ్చిపెట్టుకున్న సుంకులమ్మ కళ్ళజోడు ఒడిలోంచి తీసి అతని చేతిలో పెట్టింది. "ఇది దువ్వూరులో ఇచ్చేసి, అవ్వ రమ్మనిందని చెప్పు. రెండు గంటల బస్సుకు పో."

అడిగినదానికి జవాబు రాలేదని పాణికి మనసులో ఉక్రోషంగానే ఉంది. అయినా చొక్కా మార్చుకుని, సంచి భుజాన వేసుకుని వచ్చాడు. వంగి అవ్వ కాళ్ళకు దణ్ణం పెట్టి, మఠంలో అందరూ అలవాటుగా అరిచేట్టే అరిచాడు. "పోయొస్తానవ్వా."

అవ్వ తల అడ్డంగా ఊపింది. "అది కాదు. నీ ఎర్ర బటను మీద ఏం రాసినావో అది చెప్పి పో."

పాణి నవ్వబోయాడు. అవ్వ ముఖంలో నవ్వు లేదు.

"వెళ్ళి..." అన్నాడు.

"వినపళ్ళేదు."

"వెళ్ళిపో..."

"గట్టిగా చెప్పు నాయనా, ముసలిదాన్ని."

కాయలు వలిచే చప్పుడు ఆగిపోయింది. ఓబులేసు కళ్ళు కిందికి దించుకున్నాడు. ఎనభై రెండేళ్ళ మనిషి కాళ్ళ దగ్గర, ప్రయాణమై నిలబడి, ఆ మాట మఠమంతా వినేట్టు అరవాలి. పాణి నోరు తెరిచాడు. ఆ మాట అనలేకపోయాడు.

అతను ఆ మాట ఒకసారి అన్నాడు. నాలుగేళ్ళ కిందట, అన్న ఇంటి గడప మీద, ఇంతకంటే గట్టిగా అన్నాడు. "పోతున్నా" అని అరిచి మెట్లు దిగితే వదిన చేతిలో చాటతోనే వెనకాల వచ్చింది. "అట్లనాకు పాణీ. పోయొస్తా అను. ఆ ఒక్క మాట అనిపో." అతను వెనక్కి తిరగలేదు. వీధి మలుపు దాకా ఆమె గొంతు వినపడుతూనే ఉంది.

రోడ్డు మీద రెండు గంటల బస్సు హారన్ కొట్టి, కాసేపు ఆగి, కదిలింది. పాణి మెట్టు మీద కూలబడ్డాడు. కొంతసేపయ్యాక ఓబులేసు గుప్పెడు చెనక్కాయలు తెచ్చి అతని ముందు పోసి, మళ్ళీ తన చోట కూర్చున్నాడు. పాణి నాలుగు కాయలు వలిచాడు.

తర్వాత లేచి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. గోడ మీది కాగితం చించేశాడు. ఆపిన పేర్లన్నీ ఒక్కొక్కటే విడిపించాడు, చెన్నారెడ్డి పేరు మొదట. ఐదు నిమిషాల గడువు మాత్రం ఉంచాడు. తిరిగొచ్చినవాళ్ళు మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టాకే లోపలికి రావాలి, అదీ ఉంచాడు. సుంకులమ్మ ఉత్తరం లాంటిది ఇంకొకటి బయటపడకూడదు. తన పేరు దగ్గర 'గడువు లేదు' అని ఉన్నది కొట్టేసి, అందరితో పాటే ఐదు రాసుకున్నాడు.

చివరికి ఎర్ర బటను మీది మాట మార్చాడు. ఆ రంగు కూడా తీసేద్దామనుకుని, ఎందుకో ఊరుకున్నాడు.

ఓబులేసు వచ్చి వెనక నిలబడి, వేలితో ఒక్కో అక్షరమే చూపిస్తూ చదివాడు. "పో... యొ... స్తా." మళ్ళీ ఒకసారి కలిపి చదువుకున్నాడు. "ఇదైతే నొక్కొచ్చు" అన్నాడు.

పాణి తనే ముందు నొక్కాడు. నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి ఆ పేజీ అతన్ని కూడా పేరు అడిగింది. అతను పేరు కొట్టలేదు, కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

ప్రొద్దుటూరు పోయే సాయంత్రం బస్సు దువ్వూరు మీదుగానే పోతుంది. పాణి కళ్ళజోడు చేతిరుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. సంచిలో ఇంకో జత బట్టలు కుక్కాడు. అవ్వ ఆ సంచి వంక చూసింది.

"ఏడిదాకా?"

"దువ్వూరులో దిగి కళ్ళజోడు ఇచ్చి, ఆమెతో మాట్లాడతానవ్వా" అని అరిచాడు. సంచి ఇంకో భుజానికి మార్చుకుని మళ్ళీ చెప్పాడు. "తర్వాత ప్రొద్దుటూరు దాకా."

పాణి వంగి కాళ్ళకు దణ్ణం పెట్టాడు. ఈసారి అరవాలనే అనుకున్నాడు. కానీ పక్కనున్న ఓబులేసుకు కూడా సరిగ్గా అందనంత మెల్లగా వచ్చింది మాట.

"పోయొస్తానవ్వా."

"వినపడింది" అంది అవ్వ.