పటంలో లేని నది

రష్యాలో ఓ మారుమూల జిల్లాకు కొత్త అధికారి వచ్చాడు. చలికాలంలో మంచుబండి మీద తిరిగి పటం గీస్తూ, గడ్డకట్టిన నదిని రోడ్డనుకుని రోడ్డుగానే గీసేశాడు. రోడ్డు మీద పడవేమిటని, పడవ నడిపే యెఫీమ్ కొలువు ఊడబెరికాడు. ముప్పై ఏళ్లు యెఫీమ్‌కి తిండిపెట్టిన నది ఒక్క సంతకంతో మాయమైపోయింది.

వేసవిలో ఆ అధికారి దొరే తనిఖీకొచ్చాడు. నది అడ్డొచ్చి గుర్రబ్బండి ఆగిపోయింది. ఒడ్డున యెఫీమ్ గాలం వేసుకుని కూర్చున్నాడు.

“పడవ తియ్యవోయ్.”

“రోడ్డు మీద పడవ నేరమని తమరి ఉత్తర్వే కదండీ. బండి పోనివ్వండి.”

దొర నీళ్లకేసి చూశాడు, గుర్రాలకేసి చూశాడు. పటం తీసి, రోడ్డు కొట్టేసి నది గీశాడు.

“పడవవాడి పేరు కూడా రాయండి బాబూ.”

రాశాడు. సిరా ఆరకముందే రెల్లుపొదల్లోంచి పడవ బయటికొచ్చింది.