ఉప్పు లేని మజ్జిగ

కరకట్టపురం రాజు మల్లభూపతికి పడవ షికారు మీద మనసు పుట్టింది. ఎదురుగా సముద్రముందిగా అంటారేమో, కెరటాలంటే ఆయనకి కడుపులో తిప్పుతుంది. అందుకని కోటలోనే మంచినీళ్ళ కొలను కావాలన్నాడు.

"గొడ్లపేటకి పోయే కాలువని ఇటు తిప్పండి!"

మంత్రి గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, ఆ నీళ్ళు లేకపోతే అక్కడ గడ్డి మొలవదు. నాలుగొందల పశువులు ఆకలికి చస్తాయి."

అప్పుడు లేచాడు ఆస్థాన పండితుడు మార్తాండశాస్త్రి. ఈయనకి తెలియనిది లోకంలో లేదు. ఆ మాట చెప్పేదీ ఆయనే.

"సముద్రం పక్కనుండగా నీళ్ళకేం కరువు ప్రభూ? నేను తలుచుకుంటే గడ్డిగింజ ఉప్పునీళ్ళలోనూ మొలుస్తుంది."

వారం రోజులు సభలో అందరి కళ్ళెదుటా పళ్ళెంలోని గింజల మీద, తాను తెచ్చిన కుండలోంచి 'సముద్రజలం' చిలకరించాడు. ఎనిమిదోనాటికి పచ్చటి మొలకలు! సభంతా ఆహా ఓహో అంది. కుండలో వేలు ముంచి నాకి చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. పండితుణ్ణి అనుమానిస్తే కళ్ళు పోవూ!

"రేపే కాలువకి గండి కొట్టండి" అన్నాడు రాజు.

రాజుకి మజ్జిగ అందించే నూకాలు గుండె గుభేలుమంది. ఆమె పుట్టిల్లు గొడ్లపేటే. గడ్డిగింజ సంగతి ఆమెకి ఒకరు చెప్పాలా? ఉప్పు తగిలిందా, మొండికేసి కూర్చుంటుంది. వానపడి ఆ ఉప్పు కడిగాకే కళ్ళు తెరుస్తుంది.

"శాస్త్రిగారూ, ఆ కుండలో మిగిలిన నీళ్ళు నాకిప్పించండి బాబూ. మహిమగల నీళ్ళు!" అంది.

శాస్త్రి ఉబ్బితబ్బిబ్బై కుండే ఇచ్చేశాడు.

కాసేపటికి రాజు దాహమన్నాడు. నూకాలు మజ్జిగ చెంబు అందించింది. ఒక్క గుక్క తాగి ఆయన మొహం చిట్లించాడు.

"ఏమే నూకాలూ, ఇంత చప్పగా ఏడిసిందేం? ఉప్పు మరిచావా?"

"మరవలేదు ప్రభూ. శాస్త్రిగారి సముద్రం నీళ్ళు పోసి చిలికాను. మళ్ళీ ఉప్పెందుకని వెయ్యలేదు."

రాజు ఇంకో గుక్క తాగి శాస్త్రి వైపు చూశాడు. శాస్త్రి దొరికిపోయాడు, అయినా నోరు ఊరుకుంటేగా!

"అది... నా మంత్రబలం ప్రభూ! నా చెయ్యి తగిలితే ఉప్పునీళ్ళు కూడా మంచినీళ్ళయిపోతాయి."

నూకాలు రెండు చేతులూ జోడించింది.

"మరింకేం బాబూ! మా కాలువతో పనేముంది? ఆ చేత్తోనే సముద్రాన్ని మంచినీళ్ళు చేసి ప్రభువుగారి కొలను నింపెయ్యండి!"

రాజుకి నవ్వాగక మజ్జిగ పొలమారింది. రాజు నవ్వాక సభ నవ్వకుండా ఉంటుందా? స్తంభాలు అదిరిపోయాయి.

కాలువ ఎప్పటికీ గొడ్లపేటదేనని అక్కడికక్కడే రాగిరేకు రాయించి, రాజు నూకాలు చేతిలో పెట్టాడు. శాస్త్రికి మాత్రం బిందె ఇచ్చి, కొలను నిండేదాకా మొయ్యమని సముద్రం ఒడ్డుకి పంపాడు.