ఆఖరి అరచుట్టు

దేవసహాయం ఆ బండిని ఏడోసారి విప్పాడు, ఏడోసారి బిగించాడు, ఏడోసారి స్టార్ట్ చేశాడు. ఇంజను ఒక్క దెబ్బకి అందుకుంది. యాక్సిలేటరు పెంచాడు. బండి పాట పాడింది. వదిలాడు.

ధాం!

ఆ చప్పుడుకి వాడరేవు సముద్రం నాలుగు గజాలు వెనక్కి పోయింది. మెకానిక్ షెడ్డు పక్కనే నా టీ బడ్డీ. పొంగబోతున్న పాలు భయపడి మళ్లీ గిన్నెలోకి దిగిపోయాయి. కళ్లారా చూశాను కాబట్టే రాస్తున్నాను.

అది ఇసుకలో పరిగెత్తే బండి. లావుపాటి నాలుగు చక్రాలు, పైన గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చోవాలి. సామ్రాజ్యం అనే ఆవిడది. సముద్రం చూడ్డానికి వచ్చినవాళ్లని ఎక్కించుకుని ఒడ్డు వెంట తిప్పి తెస్తుంది. పది రోజులుగా బండి షెడ్డులోనే ఉంది. దాని మీద చివరిసారి ఎక్కిన కొత్త పెళ్లికొడుకు అది టప్పుమని దగ్గగానే దూకి, పెళ్లాన్ని వదిలేసి, ఒంగోలు దాకా పరిగెత్తాడు. చీరాల దాకానే అని కొందరంటారు. వాళ్లకి ఏదీ సరిగ్గా చెప్పడం రాదు.

"ఏవయ్యా సహాయం," అంది సామ్రాజ్యం నడుం మీద చేతులు పెట్టుకుని. "నేను తెచ్చినప్పుడు ఇది టప్పు టప్పుమని దగ్గేది. నువ్వు వైద్యం మొదలెట్టాక ఫిరంగిలా పేలుతోంది. ఇంకో వారం ఉంచితే నేవీ వాళ్లు వచ్చి పట్టుకుపోతారు."

"రేపటికి సరైపోద్దక్కా."

"ఆ రేపు అనే రోజుకి వయసొచ్చి పెళ్లి కూడా అయిపోయింది నాయనా."

దేవసహాయం నవ్వలేదు. నవ్వే స్థితిలో లేడు.

మౌలాలి ఉస్తాదు దగ్గర ఎనిమిదేళ్లు పని నేర్చుకున్నాడతను. చీరాలలో సొంత షెడ్డు సిద్ధం చేసుకున్నాడు. బోర్డు కూడా రాయించాడు, ఎర్ర అక్షరాలతో. కానీ ఇక్కడి మెకానిక్కుల్లో ఒక కట్టుబాటుంది. పని నేర్పిన ఉస్తాదు తన నోటితో "కొట్టు తెరువు" అనాలి. అనకుండా తెరిస్తే ఆ గుమ్మంలోకి పంచరైన సైకిలు కూడా రాదు.

ఉస్తాదు చెప్పింది ఒకటే. "సామ్రాజ్యం బండి నోరు మూయించు. శుక్రవారం తెరుచుకో."

ఆ రోజు గురువారం.

మౌలాలి ఉస్తాదు గురించి చెప్పాలంటే నాకు ఇంకో జన్మ కావాలి. రోడ్డు మీద పోతున్న లారీకి ఏ చక్రంలో గాలి తగ్గిందో ఇటు తిరిగి కూర్చుని చెబుతాడు. లారీ విజయవాడలో ఉన్నా సరే. మాటలు మాత్రం రోజుకి ఆరు. వాటిల్లో మూడు "చక్కెర తగ్గించు మామ్మా" అనడానికే ఖర్చయిపోతాయి. మిగిలిన మూడూ శిష్యుడికి.

శిష్యుడు మాత్రం తక్కువవాడా? కార్బరేటర్ విప్పి, వెంట్రుక దూరని పెట్రోలు బెజ్జం, అదే జెట్టులో ఇరుక్కున్న మడ్డిని మొదటి రోజే తీసేశాడు. ప్లగ్గు మార్చాడు. వాల్వులు సరిచూశాడు. సైలెన్సర్ అతుకులో గాలి పోతోందేమోనని కొత్త వాషరు వేశాడు. పెట్రోలు పారబోసి కొత్తది పోశాడు. నమ్మకం చాలక మళ్లీ కార్బరేటర్ విప్పాడు. మళ్లీ, మళ్లీ. ప్రతిసారీ అన్నీ శుభ్రంగానే ఉన్నాయి. ప్రతిసారీ ధాం.

ఇక అతని గర్వమంతా బిగింపులో. "నేను బిగించింది యముడొచ్చినా విప్పలేడు మామ్మా" అనేవాడు. నిజమే. మరమేకు ఆగిపోయినచోట అందరూ ఆగుతారు. అతను ఆగడు. పళ్లు బిగబట్టి ఇంకో అరచుట్టు తిప్పుతాడు. అప్పుడది కిర్రుమంటుంది. ఆ కిర్రు వినపడితే గానీ అతనికి అన్నం సహించదు.

ఆ కిర్రు వినపడగానే ఉస్తాదు చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టేసేవాడు. సగం తాగి. ఎనిమిదేళ్లుగా ఇదే వరస. నా టీ బాగుండడం లేదేమోనని నేను అల్లం మార్చాను, పాలు మార్చాను, ఆఖరికి గేదెనే మార్పించాను.

ఏడోసారి పేలాక దేవసహాయం పానా కింద పడేశాడు. వెళ్లి బెంచీ మీద ఉన్న ఉస్తాదు ఎదుట నిలబడ్డాడు.

"నా వల్ల కాలేదు ఉస్తాద్. తెలిసిందంతా చేశాను. ఏ భాగం విప్పి చూసినా బాగానే ఉంది."

ఉస్తాదు లేచాడు. గోడకి, పాత క్యాలెండరు వెనకాల, ఒక నెమలీక గుచ్చి ఉంటుంది. ప్రతి గురువారం షెడ్డుకి సాంబ్రాణి పొగ వేయడానికొచ్చే ఫకీరు ఎప్పుడో ఇచ్చిపోయాడు. ఆ ఈకని తీశాడు. దాని పక్కనుంచి సన్నటి పోగు ఒకటి పీకాడు.

"స్టార్ట్ చెయ్," అన్నాడు.

సామ్రాజ్యం బుగ్గ నొక్కుకుంది. "అయ్యో బాబాయ్! నువ్వు కూడా మంత్రాలకి దిగావా? నిమ్మకాయలు తెమ్మంటావా?"

ఉస్తాదు వేలు పెదవి మీద పెట్టాడు. సామ్రాజ్యం నోరు మూసుకుంది. అంతకుముందు ఆవిడ నోరు మూయించినవాళ్లు భూమ్మీద లేరు.

ఇంజను నెమ్మదిగా కొట్టుకుంటోంది. ఉస్తాదు గొంతుక్కూర్చుని ఆ పోగుని రెండు వేళ్ల మధ్య పట్టుకున్నాడు. నిద్రపోతున్న పసిపిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తామే, అలా ఇంజను చుట్టూ తిప్పుతున్నాడు. ప్లగ్గు దగ్గర పెట్టాడు. పోగు ఊరికే వణికింది. సైలెన్సర్ అతుకు దగ్గర పెట్టాడు. అక్కడా అంతే. కార్బరేటర్ పైన, పక్కన. ఏమీ లేదు.

కార్బరేటర్‌ని ఇంజనుకి కలిపే రబ్బరు గొట్టం ఒకటుంటుంది, చుట్టూ ఇనప క్లిప్పుతో. దాని కింది వైపుకి చెయ్యి పోనిచ్చాడు.

పోగు చటుక్కున వంగింది. కొస వెళ్లి రబ్బరుకి అతుక్కుంది.

ఉస్తాదు కొంచెం లాగాడు. వచ్చింది. వదిలాడు. మళ్లీ అతుక్కుంది.

పోగుని శిష్యుడి చేతికిచ్చి, తను పక్కకి జరిగాడు.

దేవసహాయం ఇసుకలో పడుకుని, మెడ తిప్పి, తనే చూశాడు. మూడుసార్లు చూశాడు. ఇంజను అక్కడ దొంగగాలి పీలుస్తోంది. పెట్రోలు వంతు తగ్గి, గాలి వంతు ఎక్కువై, యాక్సిలేటరు వదిలినప్పుడల్లా లోపల కాలనిది సైలెన్సర్‌లోకి పోయి పేలుతోంది. ఇంజను ఆపి చూస్తే ఆ చోట ఏమీ కనపడదు. ఆగిన ఇంజను దేన్నీ పీల్చదు కదా.

ఇంజను ఆపి గొట్టం ఊడదీశాడు. వెలుతురుకి పెట్టి వేళ్లతో వంచాడు. అప్పుడు నోరు తెరిచింది పగులు. వెంట్రుకంత సన్నం.

ఆ పగులు అడ్డదిడ్డంగా లేదు. ఉప్పుగాలికి పెళుసెక్కినట్టూ లేదు. ఎవరో గీత గీసినట్టు, సరిగ్గా క్లిప్పు అంచు వెంట ఉంది.

దేవసహాయం ఆ క్లిప్పుని గొట్టం మీద పెట్టి చూసుకున్నాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు. తర్వాత తన కుడిచేతి వంక చూసుకున్నాడు. నేను అప్పటిదాకా ఎంతోమంది మగవాళ్లని చూశాను, ఒక లక్షమందిని అనుకోండి. తన చేతిని అలా చూసుకున్నవాణ్ని అతన్నే చూశాను.

"టప్పు టప్పు..." అన్నాడు తనలో తను. "అక్క తెచ్చినప్పటి చప్పుడు అది. జెట్టుది. అది మొదటి రోజే పోయింది."

"మరి ఈ ఫిరంగి?" అంది సామ్రాజ్యం.

దేవసహాయం క్లిప్పుని గుప్పిట్లో దాచేసుకున్నాడు. ఆవిడ ఉస్తాదు వంక చూసింది. ఉస్తాదు సముద్రం వంక చూస్తున్నాడు.

పెట్టెలో కొత్త గొట్టం ఉంది. దేవసహాయం తీసి తుడిచి తొడిగాడు. కార్బరేటర్ ఎక్కించాడు. క్లిప్పు సర్దాడు. నేను ఉస్తాదుకి టీ పోసిచ్చాను. ఆయన గ్లాసు పుచ్చుకుని, బండికి వీపు పెట్టి, బెంచీ మీద కూర్చున్నాడు.

దేవసహాయం స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. తిప్పుతున్నాడు. ఒక చుట్టు. రెండు. మూడు. మరమేకు బిగిసింది. అతని పళ్లు అలవాటుగా బిగుసుకున్నాయి, మణికట్టు మీద నరం లేచింది. నేను కిర్రు కోసం చెవులు మూసుకోబోయాను. ఎనిమిదేళ్ల అలవాటు నాది కూడా.

చెయ్యి ఆగిపోయింది.

ఎంతసేపు ఆగిందో చెప్పలేను. ఈలోగా ఆటూ పోటూ రెండూ వచ్చి వెళ్లాయి. తర్వాత అతను నెమ్మదిగా స్క్రూడ్రైవర్ తీసేసి, పెట్టెలో పెట్టి, మూత వేశాడు.

కిర్రు రాలేదు.

బెంచీ మీద ఉస్తాదు గ్లాసు ఎత్తాడు. చివరి చుక్క దాకా తాగాడు. ఖాళీ గ్లాసు నా చేతికిచ్చాడు. గేదె తప్పేమీ లేదని నాకప్పుడు తెలిసింది.

"రేపు కొట్టు తెరువు," అన్నాడు ఉస్తాదు, వెనక్కి తిరక్కుండానే.

దేవసహాయం కంగారుగా లేచి నిలబడ్డాడు. "ఇంకా స్టార్టే చెయ్యలేదు ఉస్తాద్! మళ్లీ పేలుతుందేమో, వినాలి కదా?"

"నేను విన్నాను," అన్నాడు ఉస్తాదు.