మందకు ఉత్తినే వచ్చిన మొక్కజొన్న

అన్యాయం జరిగింది ఎద్దు బూసన్నకి. అదీ కరువులో కాదు, గుట్ట కింద కొర్రలు విరగపండిన ఆశ్వయుజ మాసంలో.

వేసవంతా గొర్రె గవరమ్మ మంద రాత్రుళ్లు బూసన్న చేలో పడుకునేది. ఆ ఎరువుతోనే చేను పండేది. కోతలయ్యాక మంద వాటా కళ్లంలోనే కొలిచి ఇచ్చేవాడు. మంద తన వాటా ఎత్తుకునేదాకా కుప్ప కదపకూడదు. అది గుట్ట కట్టుబాటు.

సరిగ్గా కుప్ప పోసిన రోజే ఏటి అవతలి నుంచి నక్క జంబయ్య దిగాడు. వెనక మొక్కజొన్న బళ్లు, మెడలో పూలదండ. అవతల పంది దొర గాదెల్లో పాత గింజ ముక్కిపోతోంది, కొత్త పంటకి చోటు లేదు. ఆ సంగతి చెబుతాడా?

"ఆకలిగొన్న అక్కచెల్లెళ్లకి మా దొర దానం!" అన్నాడు.

"నిరుడు కరువులో పిల్లలు డొక్కలెండి చస్తుంటే ఏ బొరియలో దూరావురా?" అంది కోడి సన్నాసమ్మ.

"అప్పుడు మా దగ్గర మిగల్లేదు పిన్నీ!"

"ఓహో! మీ గాదె నిండినప్పుడు చూసుకుని మాకు ఆకలెయ్యాలన్నమాట!"

గవరమ్మ వింటేనా? అప్పటికే మూతి బస్తాలో ఉంది.

బూసన్న పరుగున వచ్చాడు. "వదినా, మీ వాటా ఎత్తుకోండి. మబ్బేస్తోంది."

"ఉత్తినే దొరుకుతుంటే నీ కొర్రలెవరిక్కావాలి మరిదీ? రేపు చూద్దాంలే."

"కుప్ప తడుస్తుందే!"

"తడిస్తే ఆరుతుంది. నోరు ఆరకూడదు గానీ!"

సాయంత్రానికే వాన కుమ్మేసింది. కట్టుబాటు తప్పలేని బూసన్న కళ్లం గట్టున నిలబడి తడిశాడు. వారం తిరక్కుండా కుప్పంతా మొలకలెత్తింది.

వేసవికి మంద చేలోకి రాలేదు. బళ్లు వస్తూనే ఉన్నాయి, ఇంక పనేముంది? ఒక్క ఎద్దు పేడ ఎన్ని చాళ్లకి సరిపోతుంది? గొర్రె తోక బెత్తెడంటారు, మరుసటేడు కొర్ర వెన్ను అంత కూడా రాలేదు.

కార్తీకంలో జంబయ్య మళ్లీ వచ్చాడు. బళ్లు లేవు, దండ లేదు.

"దానం ఏదిరా?" అంది గవరమ్మ.

"ఈ ఏడు మిగల్లేదక్కా. మా నేల సారం చచ్చింది. మీ మందొచ్చి దొర చేలో పడుకుంటే పూటకింత గింజ పడేస్తాడు."

"ఎన్నాళ్లు?"

"ఎన్నాళ్లేమిటి? ఆకలున్నన్నాళ్లు!"

గవరమ్మ బూసన్న వైపు తిరిగింది. "మరిదీ, నీ దగ్గరేమైనా..."

"విత్తనానికి గుప్పెడుంది వదినా. అదీ పెట్టేస్తే నేనూ మీ వెనకే ఏట్లో దిగాలి."

సన్నాసమ్మ ఒక్క గింజైనా దొరుకుతుందేమోనని కాలితో నేల గీకుతూ ఉండిపోయింది.

అక్కర చూసి పెట్టింది అన్నం, మిగులు చూసి పెట్టింది ఎర.

గవరమ్మ మంద ఏరు దాటింది కార్తీక బహుళ చవితి, మంగళవారం.