అల్లిమూడి పెడమొగం తల్లి వెలసిన వైనం

పూర్వం అల్లిమూడి పట్టణాన్ని వీరగోపరాజు అనే సామంతుడు పాలిస్తుండేవాడు. పట్టణమంతా కొలనుగట్టున ఎత్తైన మిట్ట మీద ఉండేది. మిట్ట దిగువన, నీటి అంచున, చేపలు పట్టి ఎండబెట్టుకుని బతికే పల్లెకారుల గుడిసెలుండేవి. వానలు వెనకపట్టగానే కొలను నీరు సముద్రానికి పోయే మొగదల దగ్గర మట్టికట్ట వేసి నీటిని నిలుపుకోవడం, మళ్లీ తొలకరికి ముందు ఆ కట్టకు గండి కొట్టి కొత్తనీటికి దారి ఇవ్వడం అనాదిగా ఆ చోటి ఆచారం.

గండి ఏనాడు కొట్టాలో చెప్పేది ఉప్పుకుండ. పల్లెకారులలో పెద్దింటి ఆడమనిషి తన చూరుకు ఒక కుండ నిండా ఉప్పు కట్టి ఉంచేది. అది చెమర్చి బొట్టు కారిందంటే మూడు రోజుల్లో పెద్దవాన తప్పదని లెక్క. ఆమె మిట్ట ఎక్కి ఆ మాట చెప్పడం, మగవాళ్లు ఆ పూటే పారలు పట్టుకు పోవడం జరిగేది. వీరగోపరాజుగారి కాలం వచ్చేసరికి, గండికొట్టుడు ఒక మహోత్సవమై కూర్చుంది. అల్లుళ్లూ వియ్యంకులూ రావాలి, పడవలు అలంకరించాలి, అందరికీ ముందుగా కబురు పెట్టాలి కదా అని దివాను సోమరాజు మృగశిర కార్తె మొదటి రోజును శాశ్వతంగా నిర్ణయింపజేశాడు. చాలా ఏళ్లు వానలు కూడా ఆ రోజు దాటాకే వచ్చాయి. దాంతో వాన దొరవారి మాట వింటోందని మిట్ట మీద జనం నమ్మేశారు.

అప్పుడు ఉప్పుకుండ పైడాలు అనే ఆమె చూరున ఉండేది. ఆమె మొగుడు పోయినవాడు, ఉన్నది నీలాలు అనే ఒక్క కూతురు. ఆ సంవత్సరం రోహిణి కార్తె నడుస్తూ ఉండగా, మండుటెండలో, ఉత్సవానికి ఇంకా ఎనిమిది రోజులుండగా కుండ చెమర్చింది. నీలాలు ప్రసవించి అప్పటికి మూడు రోజులే అయింది. బిడ్డకు సరిగా కళ్లయినా విడలేదు.

పైడాలు కుండను నెత్తిన పెట్టుకుని మిట్ట ఎక్కి దేవిడీ ముందు నిలబడింది. సోమరాజు కుండలోకి వంగి చూసి నవ్వాడు. "నీ ఉప్పు ఏడ్చిందని దొరవారి వియ్యంకులందరికీ రావద్దని కబురు పెట్టాలా ఏమే పైడాలూ? దానికి ఓ ముద్ద పెట్టి ఊరుకోబెట్టు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారట. పల్లెకారుల మగవాళ్లందరూ అక్కడే పడవల తెడ్లకు రంగులేస్తున్నారు గానీ, ఆజ్ఞ లేకుండా కట్ట మీద పార వేస్తే చేతులు తీయిస్తారన్న భయంతో ఒక్కరూ తల ఎత్తలేదు.

ఆమె ఇక గండి మాట విడిచిపెట్టింది. "పోనీండి బాబయ్యా. నా పిల్లనీ పసిగుడ్డునీ ఈ నాలుగు రోజులూ మీ పశువుల సావిట్లో ఓ మూల పడుకోనివ్వండి" అని దొరవారినే అడిగింది. దొరవారు చెడ్డవారు కారు. ఆయన దివాను వైపు చూశారు. ఉత్సవం ముంగిట పురిటి మనిషి మిట్ట ఎక్కితే ఊరంతటికీ మైల తగులుతుందనీ, పదకొండు రోజులు వెళ్లాక నిక్షేపంగా తీసుకురావచ్చుననీ దివాను చెప్పాడు. దొరవారు ఉత్తరీయం సర్దుకుని లోపలికి వెళ్లిపోయారు.

నాలుగో రోజు పొద్దున వాన పట్టుకుంది. మధ్యాహ్నానికి ఏరులన్నీ కొలనులోకి దూకాయి. బయటికి దారి లేని నీరు గుడిసెల్లోకి మోకాలి లోతు వచ్చింది. మిగిలిన పల్లెకారులు పిల్లాజెల్లాతో మిట్ట ఎక్కారు, పురిటి మనిషికి ఆ దారి లేదు. పైడాలు నులకమంచాన్ని అటక మీదికెక్కించి, కూతురినీ బిడ్డనూ దాని మీద కూర్చోబెట్టి, వాసం పట్టుకుని ఉండమని చెప్పి, పార తీసుకుని మొగదలకు పరుగెత్తింది. ఏ చేతులు పోతాయన్నారో ఆ చేతులతోనే ఒంటరిగా కట్టను తవ్వింది. సాయంకాలానికి గండి పడి, కొలను గర్జిస్తూ సముద్రం వైపు మళ్లింది. కోటగోడ పునాదిని అప్పటికే తాకిన నీరు వెనక్కి తగ్గింది. మిట్ట మీద ఒక్క పెంకు కదలలేదు.

ఆమె తిరిగి వచ్చేసరికి దిగువన గుడిసె ఒక్కటీ లేదు. నులకమంచం మాత్రం తుమ్మకంపకు చిక్కుకుని ఉంది.

పైడాలు పట్టణానికి వీపు పెట్టి, నీళ్ల వైపు మొగం చేసుకుని ఆ గట్టునే కూర్చుంది. వీరగోపరాజుగారు పళ్లెంలో పట్టుచీర పెట్టుకుని కాలినడకన దిగివచ్చి, ఊరిని కాపాడిన తల్లివి, ఒక్కసారి ఇటు తిరిగి మమ్మల్ని క్షమించమని వేడుకున్నారు. ఆమె తిరగలేదు. "దగ్గరికి రాకండి బాబయ్యా. నాకు పురుడూ ఉంది, చావూ ఉంది. మీకు మైల తగుల్తుంది" అంది. అదే ఆఖరి మాట. పళ్లెం కింద పెట్టి దొరవారు భుజం తాకబోతే చేతికి తగిలింది రాయి.

ఆ శిలను పట్టణం వైపు తిప్పించాలని దొరవారు నలభైమందిని పెట్టి మోకులు వేయించారు. మోకులు తెగాయి గానీ రాయి తిరగలేదు. చేసేది లేక గర్భగుడికి ద్వారం నీళ్ల వైపే పెట్టించారు. పెడమొగం తల్లి అన్న పేరు అలా వచ్చింది. ఈనాటికీ పట్టణం నుంచి చూస్తే గుడి వెనకగోడే కనిపిస్తుంది, అమ్మ మొగం చూడాలంటే పడవ ఎక్కి చుట్టూ తిరిగి వెళ్లాలి. ఇప్పుడు వైశాఖానికే కొలను బీటలు వారుతోంది గనుక చాలామంది నడిచే వెళ్తున్నారు. కార్తెలు కూడా మునుపటిలా లేవు. ఎండాల్సినప్పుడు ముంచుతోంది, ముంచాల్సినప్పుడు ఎండుతోంది.

పెద్దవానకు మూడు రోజుల ముందు అమ్మవారి వీపు చెమరుస్తుంది. ఇది లోపల శిల చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లందరూ కళ్లారా చూసేదే. మొన్నటి ఏడు గండికొట్టుడు ఉత్సవానికి ఇంకా పది రోజులుండగానే, దిగువ వీధిలో జనం వడియాలు ఎండబెట్టుకుంటున్న వేళ, బొట్లు బొట్లుగా కారింది. అప్పటికే మృగశిర తేదీతో, దాతల పేర్లతో కరపత్రాలు అచ్చయి పంచడం కూడా అయిపోయింది. పెద్దలు గుడి దగ్గర కూడి ఆలోచించుకుని, భక్తులు కంగారు పడతారని, పూజారిగారి చేత తువ్వాలుతో తుడిపించారు. అది తడిసిపోతే ఇంకొకటి తెప్పించారు.