మాట అందించే అమ్మ గుంట

లూజోన్ దీవిలో తూర్పు కొండల నుంచి దిగే నది ఒడ్డున కహుయాన్ అనే ఊరు ఉంది. బస్సు దిగి ఎర్రమట్టి దారి పట్టి వస్తే రేకుల కప్పు వేసిన చిన్న మరియమ్మ గుడి కనిపిస్తుంది. గొప్ప కట్టడం కాదు. తుపాను వచ్చినప్పుడల్లా కప్పు లేచిపోతుంది, మళ్ళీ మేమే వేసుకుంటాం. లోపల పీఠం ఖాళీగా ఉండడం చూసి కొత్తవారు తికమకపడతారు. అమ్మ పీఠం మీద ఉండదు. గుడి ముందున్న నాటకం అరుగు కింద, నడుము లోతు గుంటలో, చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని ఉంటుంది. ఎంతటివారైనా మోకాళ్ళ మీద వంగి చూడవలసిందే. గుంటలోకి నాణేలు విసరవద్దు. అమ్మ ముఖానికి తగులుతున్నాయి.

పూర్వం, ఈ దీవులను స్పెయిన్ రాజు ఏలిన కాలంలో, ఆ గుంటలో ఒక ఆడమనిషి కూర్చునేది. ఏటా పండుగకు ఇక్కడ కొమేడియా అనే పద్యనాటకం ఆడేవారు. క్రైస్తవ రాజుకూ మూర్ జాతి ముస్లిం రాజుకూ యుద్ధం జరగాలి, మూర్ రాజు చావాలి, మిగిలిన అతని వారు జ్ఞానస్నానం పొంది క్రైస్తవులు కావాలి. వేరే కథ ఆడనిచ్చేవారు కాదు. తమ గెలుపును ఓడినవాడి నోటితోనే పొగిడించుకోవడం ఏలేవారికి ఎప్పుడూ ఇష్టమే. వేషాలు కట్టేవారు పొలం పనివారు. పద్యాలు కంఠతా పట్టే తీరిక వారికి లేదు. గుంటలో ఉన్న మనిషి ఒక్కొక్క చరణం అందిస్తే, అరుగు మీది వారు అందుకుని పాడేవారు. అందించింది తప్ప మరొకటి పలకకూడదన్నది కట్టుబాటు.

అలా మాట అందించిన ఆమె పేరు సెవెరా. నాటకం కట్టినవాడు ఆమె భర్త మకారియో. రాజుగారి ఓడలకు మాన్లు కొట్టడానికి ఊరి మగవారిని కొండకు తోలుకుపోయేవారు. మకారియో కూడా వెళ్ళాడు. మాను మీద పడి చనిపోయాడని తిరిగివచ్చినవారు చెప్పారు. అతనిలాగే మరెందరో పోయారు. ఊరి గుడి గురువు పాద్రే హెర్వాసియో ఆ మాట నమ్మదలచుకోలేదు. పని తప్పించుకుని పారిపోయినవారికి చావుగంట మోగించనన్నాడు. గంట మోగని ప్రాణం దారి దొరక్క అడవిలోనే తిరుగుతుందని ఇక్కడివారి నమ్మకం. సెవెరాకు ఆ గంట ఒక్కటే కావాలి. పూజ ముగిసిన ప్రతిసారీ వెళ్ళి అడిగేది. ప్రతిసారీ వట్టి చేతులతో వచ్చేది.

మకారియో నాటకంలో, చనిపోయిన మూర్ రాజు దగ్గర అతని రాణి ఏడ్చే ఘట్టం ఉంది. ఏటా విని విని ఆ ఏడుపు ఊరందరికీ వచ్చు. ఆ ఏడు పాద్రే దానిని కొట్టివేసి, సొంతంగా వేరే చరణాలు రాశాడు. తన వారు సోమరులనీ, ఆజ్ఞ మీరి తగిన చావు చచ్చారనీ రాణి ఒప్పుకోవాలి.

"తప్పు లేకుండా అందించు సెవెరా. పండుగ మర్నాడే నీ భర్తకు గంట మోగిస్తాను" అన్నాడు.

"మిగతావారికో, పాద్రే?"

"నువ్వు అడిగింది నీ భర్తకే కదా."

పండుగనాటి మధ్యాహ్నం చాప మీద కునుకు పట్టినప్పుడు మరియమ్మ ఆమె కలలోకి వచ్చింది. కాళ్ళకు కొండ బురద అంటి ఉంది. "నేను సిలువ కింద నిలబడినప్పుడు నాకు ఎవరూ మాట అందించలేదు బిడ్డా" అంది. ఏం చెయ్యమనీ చెప్పలేదు. సెవెరా లేచి ముఖం కడుక్కుని గుంటలోకి దిగింది.

రాణి వేషం కట్టినది లుపింగ్ అనే చేపలమ్మే మనిషి. ఆ ఘట్టం వచ్చింది. లుపింగ్ చేతులు చాచి నిలబడింది. గుంటలో నుంచి మాట రాలేదు.

"వదినా, నిద్రపోయావా? కిరీటం కింద తల ఉడికిపోతోంది, చెప్పు!" అంది వంగి. లుపింగ్ గుసగుసలాడినా నది అవతలికి వినబడేది. జనం నవ్వారు.

"చేపల ధర పాడవే లుపింగ్! దానికి ఎవరూ అందించక్కర్లేదు" అని ఎవరో అరిచారు.

పాద్రే కుర్చీలో నుంచి లేచాడు. "అందించు!" అన్నాడు. ఆయన రాసిన కాగితం సెవెరా ఒడిలో ఉంది. నోరు తెరిస్తే గంట మోగుతుంది. ఆమె అరచెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, వినడానికి కూర్చున్నట్టు పైకి చూసింది.

నవ్వులు ఆగిపోయాయి. కొండ పనిలో కొడుకును పోగొట్టుకున్న ఒక ముసలివాడు జనం వెనక నుంచి పాత ఏడుపులోని చరణం అందించాడు. "నీ కళ్ళు మూసిన చెయ్యి ఎవరిది, నా రాజా?" లుపింగ్ అందుకుని పాడింది. తరువాతి చరణం మరొకామె అందించింది. ఇక ఎవరు అందిస్తున్నారో తెలియలేదు. రాజా అన్నచోట ఎవరి మనిషి పేరు వారు పెట్టారు. పేర్లు అయిపోయేదాకా రాణి పాడింది. జ్ఞానస్నానం ఘట్టం ఆడనే లేదు.

గంట మోగలేదు. సెవెరాను గుడి మెట్లు ఎక్కనివ్వలేదు, గుంటను రాళ్ళతో పూడ్పించారు. ఆమె చాపలు అల్లుకుని బతికింది. చేసినది సరైనదో కాదో చివరిదాకా తేల్చుకోలేకపోయింది. అందరి పేర్లూ పలికించి తన మనిషిని అడవిలోనే వదిలేశానని ఏడ్చేది. ఇటువంటి పని చేసినవారికి ఊరట దొరుకుతుందని మేమూ చెప్పలేం. ఆమె పోయిననాడూ గంట మోగలేదు. అప్పుడు లుపింగ్ చేపలు కోసే చెక్క తెచ్చి గుడి ముందు కర్రతో కొట్టడం మొదలుపెట్టింది. ఊరివారు తలుపు పలకలు, పడవ తెడ్లు, ఏది దొరికితే అది తెచ్చి కొట్టారు. మాన్లు కొట్టి చచ్చినవారికి మాను చప్పుడే గంట అయింది. కొండ తిరిగి పలికింది.

ఆ వానాకాలం వరదకు గుంటలోని రాళ్ళు కొట్టుకుపోయాయి. తప్పిపోయిన దున్నను వెతుక్కుంటూ వచ్చిన కాపరికి అది ఆ గుంటలో పొర్లుతూ కనిపించింది. దాని పక్కన కొండ మాను మొద్దు ఒకటి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్న స్త్రీ రూపంలో నిలబడి ఉంది. చెక్కినదెవరని అడిగితే మా పెద్దలు మబ్బుల వంక చూసేవారు. మీరూ అడగవద్దు.

తరువాత ఏలేవారు మారారు. వచ్చిన ప్రతివాడూ మా నోట పలికించడానికి ఏదో ఒకటి రాసుకునే వచ్చాడు. విని విని అలసిపోయాం. అయినా ఏటా నాటకం ఆడుతూనే ఉన్నాం. గుంటలో అమ్మ వింటుంది, జనం మాట అందిస్తారు, రాణి ఏడుపుతో నాటకం ఆగిపోతుంది. నత్తి ఉన్నవారు, సాక్ష్యం చెప్పడానికి భయపడేవారు, తమవారి శవమైనా చూడనివారు ఇక్కడికి వస్తారు. పోయినవారు తిరిగివస్తారని మేము ఆశ పెట్టం. నోట రాని పేరు ఇక్కడ నోట వస్తుంది. అమ్మ ఇచ్చేది అంతే, అది చిన్నది కాదు.

గంట మోగిస్తామని పైవారు అప్పుడప్పుడు కబురు పెడతారు. మోగిస్తే వద్దనం. ఎదురుచూడడం మానేశాం. చెక్కలు గుమ్మం పక్కన ఉన్నాయి. గుంట దగ్గర వంగి మీ మనిషి పేరు చెప్పండి, లేచి గట్టిగా కొట్టండి. మొదటి పేరు మాత్రం మకారియో అనాలి. సెవెరా అడిగింది అదొక్కటే.