కనుమకు చేరని కుప్ప

పొగమంచు వీడని నల్లకోన అడవిలో దున్నలు, కుందేళ్లు, ఏదుపందులు ఉండేవి. ఒళ్లంతా పొలుసులుండే సోమక్క అనే అలుగు, చంద్రకం అనే నెమలి కూడా అక్కడే ఉండేవి.

ఒక ఏడు కొండ అవతలి నుంచి రేచుకుక్కల దండు అడవి మీదికి వచ్చింది. దున్నలు వెళ్లి, కొండ దాటి వచ్చే ఇరుకు దారైన కనుమలో అడ్డుగా నిలిచాయి. అక్కడ రాళ్లే తప్ప గడ్డిపరక లేదు. రోజూ సాయంత్రం దున్నలన్నీ ఒక్కసారిగా రంకె వేసేవి. "మేమున్నాం, భయపడకండి" అని దాని అర్థం.

"వాళ్లకు మేత మనమే పంపాలి," అంది సోమక్క.

"విరాళాలు నేను పోగుచేస్తాను," అంది చంద్రకం. పురివిప్పి ఆడింది. చూడవచ్చిన జంతువులు గడ్డి, వెదురు చిగుళ్లు, పండ్లు తెచ్చి పోశాయి. కుప్ప పెరిగింది. దాని మీదెక్కి ఆడితే నెమలి అడవంతటికీ కనబడేది.

"ఇక పంపుదామా?" అని సోమక్క అడిగింది.

"ఇంకాస్త ఆగు. కుప్ప చెట్లను దాటనీ. ఇంత విరాళం ఎవరూ పోగుచెయ్యలేదని లోకం చెప్పుకోవాలి."

రోజులు గడిచాయి. కుప్ప అడుగున కుళ్లు పట్టింది. సాయంత్రపు రంకె సన్నబడింది. ఒకనాడు అసలు వినబడలేదు. ఆ నిశ్శబ్దానికి సోమక్క ఒంటి మీది పొలుసులు నిక్కబొడుచుకున్నాయి.

మర్నాడు అది ఎవరినీ అడగలేదు. కుందేళ్లను, ఏదుపందులను వెంటబెట్టుకుని, కుప్ప మీది తాజా చిగుళ్లు మోసుకుని బయల్దేరింది.

కనుమ నిండా తెల్లటి మంచు. అందులో దున్నలు వరుసగా, చప్పుడు లేకుండా నిలబడి ఉన్నాయి. సోమక్క ఒక్కొక్కదాని ముందూ మేత పెట్టింది. అన్నీ తలలు వంచాయి. నడుమనున్న ముసలి దున్న మాత్రం వంచలేదు. దాని తెరిచిన కళ్ల మీద మంచుబొట్లు పేరుకున్నాయి.

"తిను మామా," అంది సోమక్క.

"వీరన్న మామ ఇక తినడమ్మా," అంది పక్కనున్న దున్న లోగొంతుకతో. "ఆకలితో మొన్ననే పోయాడు. వరుసలో ఖాళీ కనబడితే కుక్కలు చొరబడతాయని మేమే భుజాలు ఆనించి నిలబెట్టాం. మాకు రంకె వేసే ఓపిక కూడా పోయింది. మీరు మమ్మల్ని మరిచిపోయారనుకున్నాం."

సోమక్క వెనక్కి పరుగెత్తి మళ్లీ మేత తెచ్చింది. పొద్దు వాలేదాకా అందరూ మోస్తూనే ఉన్నారు. అప్పుడు కనుమ దద్దరిల్లేలా దున్నలు రంకె వేశాయి. మంచులో పొంచి ఉన్న దండు తోక ముడిచింది.

అయితే అప్పటికే రెండు కుక్కలు పక్క బండల మీదుగా లోపలికి జారుకున్నాయి. కుళ్లువాసన వాటికి దారి చూపింది. కుప్ప మీద చంద్రకం ఒంటరిగా ఆడుతోంది. మంచులోంచి మెరిసే కళ్లు పైకి రావడం చూసి ఎగరబోయింది. దాని పురి వాటి నోట చిక్కింది. కేక విని ఏదుపందులు ముళ్లు విప్పి కుక్కలను తరిమాయి. నెమలికి ప్రాణం దక్కింది, ఈకలు మాత్రం దక్కలేదు.

వీరన్న మామను నేలకు దించిన రోజున చంద్రకం కూడా కనుమకు వచ్చింది. ఎవరూ దాన్ని ఒక్క మాటా అనలేదు. అది తల ఎత్తలేకపోయింది.

నీతి: వేళకు అందిన పిడికెడే సాయం అవుతుంది; మెప్పు కోసం పోగేసిన కొండ ఎవరి ఆకలీ తీర్చదు.